పట్వారి దస్తరము మొదలు కంప్యూటరు తెర వరకు



మా ఇంట దూలమునకు వ్రేలాడు ఉట్టిమీద ఒక రేకు డబ్బా యుండెడిది. అందులో మా తాతగారు ఒక కాగితమును పాత ధోవతి గుడ్డలో చుట్టి దాచియుంచిరి. అది మా ఎగువ చేని పట్టా యని ఇంటిల్లిపాదికి నమ్మకము. దసరానాడు నాగలికి, కొడవలికి బొట్టు పెట్టినప్పుడు ఆ గుడ్డమూటకు కూడ బొట్టు పెట్టుచుండిరి. కాగితము ఉర్దూలో నుండెను. ఇంట నెవరికిని ఉర్దూ రాదు. చదివించుకొని చూతమన్న ఆలోచనయు ఎవరికిని కలుగలేదు. దేవుని పటమును ఎవరైన చదివించుకొందురా?

తాతగారు పోయిన కొన్నియేండ్లకు నేను దానిని దేవరకొండకు కొనిపోయి, ఉర్దూ బడిపంతులుగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషికి చూపితిని. ఆయన కంటిఅద్దములు సవరించుకొని ఆమూలాగ్రము చదివి, నవ్వుటకు మొగమాటపడుచు, "పంతులూ, ఇది పట్టా గాదు. ఒక ఏటి శిస్తు ముట్టినట్టు రసీదు" అనెను. చేను మాదే, తరువాతి లెక్కలలో మా పేరు కలదు గనుక బ్రతికిపోతిమి. కాని రెండు తరములవారు ఒక రసీదునకు బొట్టు పెట్టిరను మాట నా మనస్సులో ములుకువలె నిలిచిపోయినది.

ఇటీవల నాకును తాతగారి అవస్థయే పట్టినది. ఉద్యోగము విరమించినవారు ఏటేట తాము జీవించియున్నట్లు తెలుపుకొనవలెను గదా. ఆ పని ఇంట కూర్చుండియే చేసికొనవచ్చునని ఎవరో చెప్పగా, మనుమని ప్రక్కన బెట్టుకొని ఒకానొక వెబ్‌సైటును తెరచితిని. అది ఏ కార్యాలయము వారిదో చెప్పను. ఒకరిని నిందించుట నా యుద్దేశము కాదు. పుట తెరువగనే రంగులు, బొమ్మలు, ప్రక్కకు పరుగులెత్తు అక్షరములు కనబడెను. నేను నొక్కవలసిన మీట మాత్రము కానరాలేదు. గడుల పేర్లు కొన్ని ఇంగ్లీషున నున్నవి. కొన్ని తెలుగు లిపిలో వ్రాసిన ఇంగ్లీషు. పుట్టిన తేదీ అడిగినచోట దినము ముందో, నెల ముందో తెలియదు. పిదప వంకరటింకర అక్షరములను కొన్నింటిని చూపి, వానిని చూచి అట్లే వ్రాయుమనెను. నేను యంత్రమును గాక మనిషినే యని తెలిసికొనుటకట! బ్రతికియున్నానని చెప్పవచ్చినవాడు మొదట మనిషినని ఋజువు చేసికొనవలసివచ్చెను. అదియు దాటి, సెల్‌ఫోనునకు వచ్చిన అంకెలను ఒక్కొక్కటిగా కొట్టుచుండగా, గడువు ముగిసినది, మరల మొదటినుండి ప్రారంభింపుమని తెర ఆజ్ఞాపించెను. మూడు మారులును ఇంతే. "తాతా, నువ్వు మెల్లగ కొడుతున్నవ్" అనెను మనుమడు. తప్పు నాదే యని వాడును నమ్మెను, నేనును నమ్మితిని. మరునాడు పట్టణమునకు పోయి ఒక కంప్యూటరు దుకాణములో రుసుము చెల్లింపగా, ఆ పిల్లవాడు రెండు నిమిషములలో పని ముగించెను. వానికి నాకంటె చదువెక్కువ కాదు. ఏ మీట ఎక్కడ దాగియున్నదో వానికి తెలియును, అంతే. పూర్వము మా ఊళ్లలో పట్వారికి తెలిసినదియు ఇట్టి సంగతియే. దీనిని పట్టుకొని కొంచెము వెనుకకు పోయి చూతము.

రాజ్యములు పుస్తకములు వ్రాయించుట ప్రాచీనమైన పద్ధతి. ఇంగ్లండును జయించిన విలియము రాజు 1086 లో ఊరూర భూములను, ఎడ్లను, నాగళ్లను లెక్కింపించి ఒక మహాగ్రంథమును సిద్ధపరచెను. అది లాటిను భాషలో నున్నది. దున్నువారు ఆ భాష నెరుగరు. ఆ పుస్తకములోని మాటకు తిరుగులేదు గనుక జనులు దానిని తీర్పుదినపు పుస్తకమని పిలిచిరి. మన దేశమున అక్బరు పాదుషా కొలువులో తోడరుమల్లు 1582 లో రెవిన్యూ లెక్కలన్నియు పారసీకమున నుండవలెనని ఏర్పాటు చేసెను. అంతవరకు తమ తమ భాషలలో లెక్కలు వ్రాసికొనుచుండిన కరణములు పారసీకము నేర్చుకొనిరి. రైతు నేర్చుకొనలేదు, అతడు నేర్చుకొనవలెనని ఎవరును కోరలేదు. పుస్తకము అతనిని గూర్చినదే గాని అతని కొరకు వ్రాసినది గాదు.

మన నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు 1853 లో దివాను పదవికి వచ్చునప్పటికి శిస్తు వసూలు చాలవరకు గుత్తేదారుల చేతులలో నుండెను. ఆయన 1865 లో జిల్లాబందీ నెలకొల్పి, జీతమునకు పనిచేయు తాలూకుదారులను, తహసీలుదారులను నియమించెను. తరువాత బొంబాయి సర్వే పద్ధతి ననుసరించి భూములను కొలిపించు పని సాగెను. ఈ కొలతను గూర్చి నేను కొంచెము విస్తరించి చెప్పదలచితిని. ఏలయన, సర్కారు చేసిన పనులలో సామాన్యునికి అందునట్లుగా చేసిన పని యొకటి కలదన్నచో అది ఇదియే.

సర్వే గొలుసు పొడవు 33 అడుగులు. దానిని 16 భాగములు చేసి ఒక్కొక్క భాగమునకు అణా యని పేరు పెట్టిరి. రూపాయకు 16 అణాలు అను లెక్క సంతకు పోవు ప్రతి మనిషికిని తెలిసినదే. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. అనగా 121 చదరపు గజములు. అట్టి గుంటలు 40 ఐనచో ఎకరము. సంతకము చేయనేరని రైతు సైతము గొలుసు వెంట నడచి, రాయి నాటిన చోట నిలిచి, తన చేను ఎన్ని గుంటలో వ్రేళ్లమీద లెక్కించుకొనగలిగెను. సర్వేదారు పొరబడినచో అక్కడికక్కడనే అడుగగలిగెను. మా మర్రిగూడ ప్రాంతపు ఎర్రచల్కలలో ఆముదము, జొన్న వేసికొనిన వృద్ధులు ఈనాటికిని గుంటలలోనే మాటలాడుదురు. కొలిచినవానికిని కొలిపించుకొన్నవానికిని గొలుసు ఒక్కటే. దాని రెండు కొనలును ఇద్దరికిని కనబడును.

చిక్కంతయు ఆ కొలత కాగితము మీదికి ఎక్కిన పిదప వచ్చెను. 1884 లో సర్కారు పారసీకమును విడిచి ఉర్దూను రాజభాషగా చేసెను. సేత్వారు, ఫైసలుపట్టి, జమాబంది, విరాసతు, షిక్మీ, ఖాస్రా: ఈ మాటలు మన నాలుకలమీద తెలుగు మాటలవలెనే ఆడుచున్నవి. కాని వానివెనుక నున్న కాగితమును చదువగలిగినవారు ఊరికి ఒక్కరో ఇద్దరో. సంవత్సరములు కూడ ఫసలీలో నుండెను. 1317 ఫసలీ నాటి భూమి శిస్తు చట్టము 1907 వ సంవత్సరమున వచ్చినదని తెలియుటకు 590 కలుపుకొనవలెను. పట్వారి దస్తరమును ఎర్రగుడ్డలో మూటగట్టి తన ఇంటనే ఉంచుకొనుచుండెను. రైతు పోయి, "అయ్యా, నా పేరు చూచి చెప్పరాదా" అని అడుగును. పట్వారి మూట విప్పుటయు విప్పకపోవుటయు ఆయన దయ. విప్పి ఏమి చదివినను అదే సత్యము. పట్వారులందరు చెడ్డవారని నేననను; అర్ధరాత్రి లేపినను లేచి విరాసతు కాగితము వ్రాసి పెట్టినవారు కలరు. అయినను మంచి పట్వారి దొరకుట రైతు అదృష్టమే గాని హక్కు కాదు.

ఈ బాధను ఆనాటి మన పెద్దలు గుర్తింపకపోలేదు. 1921 నవంబరులో హైదరాబాదునందు జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలోని కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు ఆ సంఘము తరఫున చిన్న చిన్న పుస్తకములు అచ్చువేయించి, వెట్టిచాకిరిని గూర్చియు వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చియు సర్కారు ఉత్తరువులలో నిజముగా ఏమున్నదో తెలుగున విప్పి చెప్పిరి. కొత్త హక్కు ఒక్కటియు వారు సృష్టింపలేదు. ఉన్న హక్కు ఏ కాగితములో ఏ పంక్తిలో నున్నదో చూపించిరి. అంతమాత్రముననే అధికారులు అడ్డుతగిలిన చోట్ల జనులకు నోరు వచ్చినది. 1922 లో మన నల్లగొండ పట్టణమునుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. తెలుగు అక్షరము చేతికందుట ఎంత పెద్ద సంగతియో ఆ తరమువారికే తెలియును.

మరియొక సంగతి కలదు. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతుల పోరాటములో మన జిల్లా గ్రామములలో దేశముఖుల అప్పుపత్రములతోపాటు గ్రామలెక్కలను కూడ కుప్పవేసి తగులబెట్టిరి. అది మంచిదా చెడ్డదా అని ఇక్కడ విచారింపను. ఆ మంటలలో రైతునకు మేలుచేయు కాగితములును కొన్ని కాలియుండవచ్చును. కాల్చినవానికి అది తెలియు మార్గమేది? చదువరాని పుస్తకము వానికి ఏ పుటలోనైనను శత్రువుగానే కనబడెను.

సంస్థానము భారతదేశమున చేరిన పిదప మార్పులు త్వరత్వరగా వచ్చినవి. 1949 లో జాగీర్లు పోయినవి. 1950 లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1954-55 లో ఊరూర తిరిగి ఖాస్రా పహాణీ వ్రాసిరి. ఈనాటికిని తగాదా వచ్చినచో వకీళ్లు మొదట అడుగునది దానినే. 1971 లో హక్కుల రికార్డు చట్టమును, దాని వెంబడి పట్టాదారు పాసుపుస్తకములును వచ్చినవి. 1984 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము పటేలు పట్వారీల వ్యవస్థను రద్దుచేసెను. 1998 లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు కూర్చుండెను. 2011 లో మీసేవ కేంద్రములు వెలసెను. వీనిలో ఒక్కొక్కటియు ఒక్కొక్క ప్రసంగమునకు చాలినంత కథ. మన విషయమునకు కావలసినది ఇంతే: ఎర్రగుడ్డమూట మెల్లమెల్లగా గాజుతెరలోనికి ప్రవేశించినది.

పూర్తిగా ప్రవేశించినది 2020 లో. అంతకుముందు 2017 సెప్టెంబరు మొదలు భూరికార్డుల ప్రక్షాళన జరిపి 2018 లో కొత్త పాసుపుస్తకములు పంచిరి. 2020 లో గ్రామ రెవిన్యూ అధికారుల వ్యవస్థను తీసివేసి, కొత్త చట్టము చేసి, అక్టోబరు 29 న మూడుచింతలపల్లిలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు ధరణి పోర్టలును ప్రారంభించిరి. దానిలోని మేలు మొదట చెప్పుట న్యాయము. పూర్వము భూమి కొన్నవాడు రిజిస్ట్రేషనునకు ఒక కచేరీకి, పేరు మార్పునకు మరియొక కచేరీకి నెలల తరబడి తిరుగుచుండెను. ధరణిలో ఆ రెండును తహసీలుదారు కచేరీలో ఒక్కదినముననే ముగియుచుండెను. తగాదా లేని భూమి గలవారు దానిని మెచ్చుకొనిరి.

తగాదా గలవాడు, కాగితములో పొరపాటు గలవాడు మాత్రము ద్వారము వెదకుకొనవలసి వచ్చెను. ద్వారములు కొద్దిగా లేవు. ఒకటొకటిగా చేర్చుచు పోగా మాడ్యూళ్లు ముప్పదిమూడైనవి. పేరులో అక్షరము తప్పినచో ఒకటి, విస్తీర్ణము తగ్గినచో ఒకటి, నిషేధపు పట్టికలో పొరపాటున చేరినచో ఒకటి, కోర్టు తీర్పు వచ్చినచో మరియొకటి. తన కష్టమునకు సర్కారు పెట్టిన పేరేమో తెలిసినవానికే తన ద్వారము దొరకును. తప్పు ద్వారమున పోయినవాని దరఖాస్తు తిరిగివచ్చినదనియు, ఏల తిరిగివచ్చినదో తెలియలేదనియు నలుమూలలనుండి ఫిర్యాదులు వినబడెను. పట్వారినైనచో నిలదీసి అడుగవచ్చును, తిట్టవచ్చును, అతని అరుగుమీద కూర్చుండి లేవననవచ్చును. తెరను నిలదీయుట యెట్లు?

చిన్నవిగా కనబడు రెండు సంగతులు చెప్పెదను. మన సర్వే నంబర్ల ఉపభాగములకు అ, ఆ, ఇ అని తెలుగు అక్షరములు వేయుట వాడుక. 125/అ అన్నదమ్ములలో ఒకనిది, 125/ఆ మరియొకనిది. కాగితముమీద ఇది బాగుగనే యున్నది. సెల్‌ఫోను తెరమీద, డెబ్బదియేండ్ల కంటికి, అకారమునకును ఆకారమునకును నడుమ భేదమెంత? రెండవది విస్తీర్ణము. పాసుపుస్తకములో 2.2000 అని యుండును. దాని అర్థము రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. బడిలో దశాంశములు నేర్చిన బాలుడు దానిని రెండెకరములును ఎకరములో అయిదవ వంతును అని చదువును. లెక్క నేర్చినవాడు తప్పు చదువును. లెక్క రాని ముసలిరైతు సరిగా చెప్పును. గొలుసులో అంత తేటగా నుండిన గుంట, చుక్క వెనుకకు పోయి కూర్చుండగనే మరుగుపడినది.

ఇవి కన్నునకు సంబంధించిన కష్టములు. ఇంతకంటె లోతైనది గడి లోపము. పూర్వపు పహాణీలో ముప్పదికి పైగా గడు లుండెడివి. చూచుటకు చికాకుగ నుండెను నిజమే. వానిలో ఒకటి పట్టాదారుని గడి. వేరొకటి అనుభవదారుని గడి, అనగా భూమిని నిజముగా సాగుచేయువానిది. సాదాకాగితముమీద కొనుక్కొని ముప్పదియేండ్లు దున్నుకొన్నవాడును, కౌలుదారుడును ఆ గడిలోనే బ్రతికిరి. కొత్త పాసుపుస్తకములలోను ధరణిలోను ఆ గడి లేకపోయెను. పుట శుభ్రమైనది, చక్కగా కనబడినది. ఒక గడితోపాటు ఆ మనుష్యులు పుటమీద కనబడకపోయిరి. వారు చేనిలో నిలబడియే యున్నారు. వెబ్‌సైటు బాగులేదని మనము విసుగుకొనునప్పుడు రంగులను, మీటలను నిందింతుము. నన్నడిగినచో ఏ గడి యుండవలెనో, ఏ గడి పోవలెనో నిర్ణయించిన చోటనే అసలు దోషము. అక్కడ దున్నువాడు కూర్చుండి యుండడు. లాటిను పుస్తకమునాడును లేడు, ఎర్రగుడ్డ దస్తరమునాడును లేడు.

లోకములో ఈ విషయమును గుర్తించినవారు లేకపోలేదు. చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు వణకువారు సైతము వాడుకొనగలుగునట్లు పుటలు కూర్చుటకు 1999 లోనే అంతర్జాతీయ సంఘ మొకటి సూత్రములు వెలువరించినది. మన దేశమునను 2009 లో ప్రభుత్వ వెబ్‌సైటులకు మార్గదర్శక సూత్రములు ఏర్పడినవి. కంప్యూటర్లన్నింటికిని సామాన్యమైన అక్షరసంకేతములలో తెలుగు లిపి 1991 నాటికే చోటు సంపాదించినది. కాబట్టి సాధ్యము కాదని చెప్పుటకు వీలులేదు. సూత్రములు వ్రాసినవారును పుటలు కట్టినవారును ఒకరినొకరు చూచుకొనినట్లు మాత్రము తోచదు.

ధరణి కథ తరువాత మలుపు తిరిగినది. 2023 చివర ప్రభుత్వము మారెను. 2024 లో ఒక సంఘము విచారించెను. 2024 డిసెంబరులో శాసనసభ కొత్త బిల్లును ఆమోదించెను. 2025 ఏప్రిలు 14 న ముఖ్యమంత్రి రేవంతురెడ్డిగారు భూభారతిని ప్రారంభించిరి. ముప్పదిమూడు ద్వారములు ఆరింటికి తగ్గునని ప్రకటించిరి. అధికారి నిర్ణయముమీద పై అధికారికి చెప్పుకొనుటకు దారి ఏర్పరచిరి. ఇది ఎంతవరకు ఫలించునో ఈయేడు వచ్చేయేడు చూచి చెప్పవలసిన మాట.

ఒక్క సంగతి మాత్రము నా కన్నులార చూచితిని. 2025 జూన్ మాసమున రాష్ట్రమంతట ఊరూర రెవిన్యూ సదస్సులు జరిపిరి. అధికారులు ఊళ్లకు వచ్చి, అచ్చువేసిన ఫారములు పంచి, చేవ్రాతతో నింపిన దరఖాస్తులను పుచ్చుకొనిరి. ఇంత కంప్యూటరు వచ్చిన పిదపను మరల కాగితము, కలము, చెట్టునీడ, బల్ల. నేనును ఒక కుర్చీ వేసికొని కూర్చుండి, వ్రాయరానివారికి వ్రాసిపెట్టుచుంటిని. కొందరికి తమ చిక్కేమో చెప్పుటకే అరగంట పట్టెను. ఫారములో దానికి విడిచిన చోటు రెండు పంక్తులు. నేను వెనుకవైపున వ్రాసితిని. తీసికొన్న గుమాస్తా ఏమియు ననలేదు, కాగితమును త్రిప్పి చదువుకొనెను.

ఎండ వాలిన వేళ ఒక వృద్ధురాలు వచ్చెను. పాసుపుస్తకమును కొంగున ముడివేసికొని వచ్చినది. భర్త పోయి ఏడాది దాటినది, విరాసతు కావలెను. నేను పుస్తకము విప్పి విస్తీర్ణము చూచి, "అవ్వా, ఇందులో రెండు పాయింటు రెండు సున్న సున్న సున్న అని ఉన్నది. అంటే" అని విడమరచి చెప్పబోతిని.

"రెండెకరాల ఇరవై గుంటలు" అనెను ఆమె. "గొలుసు పట్టినప్పుడు మా మామతోటి నేను గట్టుమీదనే ఉన్న బిడ్డా. నువ్వు పేరు సక్కగ రాయి."

ఆమె పేరును అక్షరము అక్షరముగా అడిగి వ్రాసితిని. ఆధారు కార్డులో ఒక విధముగాను, పాసుపుస్తకములో ఒక విధముగాను ఉన్నది. రెండును వ్రాసి, క్రింద వేలిముద్ర వేయించితిని.